సముద్రం అడుగున తీగ – లార్డ్ కెల్విన్ జీవితం

సైన్సు పుస్తకంలో ఉష్ణోగ్రతకు కెల్విన్ అనే ప్రమాణం చదువుతాం కదా. అది ఒక మనిషి పేరే. ఆయన అసలు పేరు విలియం థామ్సన్. 1824 జూన్ 26న ఐర్లాండ్‌లోని బెల్‌ఫాస్ట్‌లో పుట్టాడు. ఆరేళ్ళకే తల్లి చనిపోయింది. లెక్కలు చెప్పే తండ్రే దగ్గర కూర్చోబెట్టుకుని చదివించాడు. పదేళ్ళకే గ్లాస్గో విశ్వవిద్యాలయంలో చేరి, 22 ఏళ్ళకు అక్కడే ప్రొఫెసర్ అయ్యాడు.

ఆ రోజుల్లో ఐరోపా నుంచి అమెరికాకు కబురు పోవాలంటే ఓడే దిక్కు. అందుకని 1858లో ఒక కంపెనీ అట్లాంటిక్ సముద్రం అడుగున టెలిగ్రాఫ్ కేబుల్ వేసింది. లోపల రాగి తీగ. కరెంటు నీళ్ళలోకి పోకుండా చుట్టూ గట్టాపర్చా తొడుగు. గట్టాపర్చా అంటే మలయా అడవుల్లో ఒక చెట్టు పాలు గట్టిపడితే వచ్చే పదార్థం. ఆగస్టు 5న పని పూర్తయింది. జనం పండుగ చేసుకున్నారు.

కాని సంకేతాలు చాలా బలహీనంగా వచ్చేవి. కంపెనీ ఎలక్ట్రీషియన్ వైట్‌హౌస్ గట్టిగా తోస్తే సరిపోతుందనుకుని సుమారు 2000 వోల్టులు పెట్టాడు. నెల తిరిగేసరికి కేబుల్ మూగబోయింది.

ఎందుకలా? ప్రతి విద్యుత్ బంధకానికీ ఒక హద్దు ఉంటుంది. వోల్టేజి ఆ హద్దు దాటితే పరమాణువుల్లోంచి ఎలక్ట్రాన్లు ఊడివచ్చి, పక్కవాటిని కొట్టి ఇంకొన్నింటిని ఊడగొడతాయి. క్షణంలో కరెంటుకు దారి పడుతుంది. గాలిబుడగ, పగులు, పల్చని చోటు ఉంటే ముందు అక్కడే తెగుతుంది. ఆ కేబుల్ తొడుగు ఓడ ఎక్కకముందే ఎండకు మెత్తబడి కొన్నిచోట్ల చెడింది. ఎక్కువ వోల్టేజి దాని పని పూర్తి చేసింది. ట్రాన్స్‌ఫార్మర్ నూనెలో అయితే అలా పడిన దారి మళ్ళీ నూనెతో పూడుతుంది. కాని తేమ, పీచు చేరితే నూనె కూడా తొందరగా ఓడిపోతుంది. గట్టి పదార్థానికి పడిన చిల్లు మాత్రం పూడదు.

థామ్సన్ తోపు పెంచలేదు, చూపు పెంచాడు. చిన్న అద్దానికి అయస్కాంతం అంటించి, సన్నని దారానికి వేలాడదీసి, దానిమీద దీపం వెలుగు పడేట్టు చేశాడు. ఏ కాస్త కరెంటు వచ్చినా వెలుగుచుక్క కదిలేది. 1866లో గ్రేట్ ఈస్టర్న్ ఓడమీద తనూ వెళ్ళాడు. ఈసారి వేసిన కేబుల్ బాగా పనిచేసింది. 1892లో లార్డ్ కెల్విన్ అయ్యాడు. 1907 డిసెంబర్ 17న కన్నుమూశాడు. లండన్‌లో న్యూటన్ సమాధి దగ్గరే ఆయన సమాధి ఉంది.

మిత్రులారా! తొడుగు ఉంది కదా అని ఏ వైరునూ నమ్మవద్దు. హాస్టల్లో పగిలిన వైరు కనబడితే ముట్టుకోకుండా వెంటనే వార్డెన్ సారుకు చెప్పండి.