జానపద బ్రహ్మ విఠలాచార్య: తెర వెనుక జీవితం

తెలుగు వెండితెర మీద దెయ్యం అనగానే పెద్దలకైనా పిన్నలకైనా మొదట స్ఫురించే పేరు బి. విఠలాచార్య. గాలిలో తేలివచ్చే తల, లేచి నడిచే అస్థిపంజరం, మంత్రదండం తాకినంతనే పక్షిగా మారే రాకుమారుడు, ఉన్నచోటనే మాయమయ్యే మాంత్రికుడు – ఇవన్నీ ఆయన చిత్రాలకు ఆనవాళ్లు. కంప్యూటరు సాయం ఊహకైనా అందని దినాలలో ఈ వింతలన్నీ మనుషుల చేతిపనితోనే సిద్ధించినవి. జనం ఆయనను జానపద బ్రహ్మ అని ప్రేమతో పిలుచుకున్నారు. అయితే ఆ బ్రహ్మకు తెలుగు పుట్టుకతో వచ్చిన భాష కాదు. బడి చదువు మూడవ తరగతితోనే ముగిసినది. ఇంటిలో ఒక భాష, బడిలో మరొక భాష, అంగడిలో ఇంకొక భాష వినిపించే హిమాయత్‌నగర్, కిన్వట్, భోకర్, ధర్మాబాద్ ప్రాంతాల తెలుగు కుటుంబాలకు ఆయన జీవితం తెలియదగినది.

ఉడుపి నుండి అరసికెరెకు

విఠలాచార్య 1920 జనవరి 20న ఉడుపి సమీపంలోని ఉద్యావరలో జన్మించారు. తండ్రి ఆయుర్వేద వైద్యుడు. ఆ తీరప్రాంతం యక్షగానానికి పుట్టినిల్లు. రాత్రి మొదలై తెల్లవారేవరకు సాగే ఆ ప్రదర్శనలలో రాక్షస వేషధారి ముఖానికి రంగులు దట్టంగా పులుముకొని, తెర చాటునుండి కేకవేస్తూ రంగస్థలం మీదికి వచ్చే ఘట్టం పిల్లల గుండెలను దడదడలాడించేది. భూతాలను కొలిచి ఆడించే భూతకోల కూడా ఆ నేలదే. భయమూ భక్తీ వినోదమూ ఒకే పందిరి కింద కలిసి ఉండడం అక్కడి పల్లెలకు కొత్త కాదు. నాటకమన్నా యక్షగానమన్నా విఠలాచార్యకు చిన్ననాటినుండే ప్రీతి.

బాల్యంలోనే ఇల్లు విడిచి ఆయన అరసికెరె చేరుకున్నారు. అక్కడ ఉడుపి హోటలు ఒకటి తీసుకొని నడిపారు. హోటలు నడపడమంటే ఒక్కొక్క పైసాను లెక్కించడం, వచ్చినవారి ఆకలి ఎరిగి వడ్డించడం, మిగిలినదానిని పారవేయకుండా వాడుకోవడం. ఈ మూడు పాఠాలనూ ఆయన తరువాత సినిమాలోనూ మరువలేదు. 1942లో క్విట్ ఇండియా ఉద్యమంలో మిత్రులతో కలిసి పాల్గొని కారాగారవాసం అనుభవించారు. విడుదలయ్యాక హోటలును తమ్మునికి అప్పగించి, మిత్రులతో కలిసి హాసన్ జిల్లా పల్లెలలో టూరింగ్ టాకీసు ఆరంభించారు.

డేరాలో నేర్చిన విద్య

టూరింగ్ టాకీసు అంటే ఊరూరా తిరిగే డేరా సినిమా. ప్రొజెక్టరు, విద్యుత్తుకొక ఇంజను, వెదురు బొంగులు, గుడారపు గుడ్డ, తెర – ఇవన్నీ బండ్లకెత్తుకొని ఒక ఊరినుండి మరొక ఊరికి తరలిపోయేవారు. నేల టికెట్టు కొన్నవారు మట్టిమీదనే కూర్చొని చూసేవారు. పంటలు ఇంటికి వచ్చిన వేళ, జాతరల వేళ డేరా నిండేది. వానలు పడితే పని ఆగేది. మహాశివరాత్రికి పరమేశ్వరుని జాతర జరుపుకొనే హిమాయత్‌నగర్ వంటి ఊళ్లవారికి డేరా కింద కూడే జనసమూహం ఎటువంటిదో వివరించనక్కరలేదు.

విఠలాచార్య తన డేరాలో ఆడిన చిత్రాలను తానూ శ్రద్ధగా చూశారు. ఏ బడిలోనూ చెప్పని సినిమా విద్య ఆయనకు అక్కడ అబ్బినది. చదువురాని రైతు ఎక్కడ నవ్వుతున్నాడు, పిల్లవాడు ఎక్కడ తల్లి కొంగు పట్టుకుంటున్నాడు, జనం ఎక్కడ విసుగుతో లేచిపోతున్నారు అన్నది నేల టికెట్టు పక్కన నిలిచి చూసినవానికి తెలిసినంతగా మరొకరికి తెలియదు. తరువాతి కాలంలో ఆయన తీసిన చిత్రాలన్నీ ఆ నేల టికెట్టు ప్రేక్షకుని మనసులో ఉంచుకొని తీసినవే.

మైసూరు మీదుగా మద్రాసుకు

డేరా నుండి ఆయన అడుగు చిత్రనిర్మాణం వైపు పడినది. డి. శంకర్ సింగ్ ప్రభృతులతో కలిసి మైసూరులో మహాత్మా పిక్చర్స్ సంస్థను నెలకొల్పారు. 1949లో నాగకన్నిక, 1951లో జగన్మోహిని అనే కన్నడ చిత్రాలు ఆ సంస్థనుండి వెలువడినవి. నాగకన్యలు, మోహినులు, మాయలు జనాన్ని ఎంతగా ఆకర్షిస్తాయో ఆ చిత్రాలు రుజువు చేసినవి. కాలక్రమంలో విఠలాచార్య సొంతంగా విఠల్ ప్రొడక్షన్స్ స్థాపించి, దర్శకత్వమూ చేపట్టారు.

తెలుగులో ఆయన తొలి అడుగులు జానపదాలతో పడలేదు. 1955లో కన్యాదానం, 1957లో వద్దంటే పెళ్ళి – రెండూ సాంఘికాలే. 1959లో జయవిజయతో ఆయన దారి మారినది. తెలంగాణ గడ్డనుండి వచ్చిన కాంతారావు అందులో కథానాయకుడు. కత్తి పట్టిన కాంతారావును తెలుగు పల్లెలు తమ సొంత వీరునిగా భావించుకోవడానికి విఠలాచార్య చిత్రాలు ముఖ్యకారణం. 1960లో వచ్చిన కనకదుర్గ పూజా మహిమలో కైకాల సత్యనారాయణను ప్రతినాయకునిగా మలచినదీ ఆయనే. 1963లో ఎన్.టి. రామారావుతో బందిపోటు, 1964లో అదే నటునితో ద్విపాత్రాభినయం చేయించిన అగ్గిపిడుగు, ఆ పిమ్మట పిడుగు రాముడు, చిక్కడు దొరకడు, గండికోట రహస్యం, లక్ష్మీకటాక్షం – ఇట్లు చిత్రపరంపర సాగినది.

అంతకు ముందే 1951లో విజయా సంస్థ పాతాళభైరవిని, 1957లో మాయాబజార్‌ను అందించి ఉన్నది. ఛాయాగ్రాహకుడు మార్కస్ బార్ట్‌లీ ఆ చిత్రాలలో చూపిన మాయలు నేటికీ చెక్కుచెదరలేదు. కానీ ఆ సంస్థకు ఉన్న ధనబలం, సమయం విఠలాచార్యకు లేవు. తక్కువ ఖర్చుతో, తక్కువ దినాలలో జనానికి అదే ఆశ్చర్యం కలిగించడమెట్లు అన్నది ఆయన ముందున్న ప్రశ్న. దానికి సమాధానం చెప్పినవారు తెర మీద కనిపించని పనివారు.

దెయ్యాన్ని తయారుచేసేవారు

ఆ కాలపు స్టూడియోలలో ఒక దెయ్యాన్ని సృష్టించడానికి ఎందరి చేతులు పడేవో గమనించదగినది. గాలిలో తేలే తల కావాలంటే నటుని మెడ కింది భాగమంతా నల్లని గుడ్డతో కప్పి, వెనుకనూ నల్లని తెర కట్టి, ముఖం మీద మాత్రమే వెలుగు పడేటట్లు లైట్లవారు దీపాలు అమర్చేవారు. నలుపు ఫిల్ము మీద పడదు కనుక తల ఒక్కటే నిలిచేది. ఆ ఫిల్మును కెమెరాలో వెనుకకు తిప్పి, దాని మీదనే శ్మశానమో పాడుబడ్డ కోటయో మరల చిత్రించేవారు. రెండు చిత్రాలు కలిసి, ఒంటి తల శ్మశానంలో విహరించినట్లు కనిపించేది.

ఒకే నటుడు రెండు పాత్రలలో ఎదురెదురుగా నిలవడానికి కెమెరా కటకం ముందు సగభాగాన్ని మూసి ఒకసారి, మిగిలిన సగాన్ని మూసి మరొకసారి తీసేవారు. ఈ రెండింటి నడుమ కెమెరా వెంట్రుకవాసి కదిలినా శ్రమంతా వృథా. ఎన్ని అడుగుల ఫిల్ము తిరిగినదో లెక్కపెట్టుకొనే సహాయకుడు ఒక్క అంకె తప్పినా నటునికి మరల వేషం వేయవలసినదే.

మనిషి మాయమయ్యే దృశ్యానికి కెమెరా ఆపేవారు. అందరూ ఉన్న భంగిమలోనే బొమ్మల వలె నిలిచిపోతే, మాయం కావలసిన నటుడు ఒక్కడూ పక్కకు తప్పుకొనేవాడు. మరల కెమెరా తిరిగేది. వీరుడు ఎత్తైన గోడ మీదికి ఒక్క ఉదుటున ఎగరాలంటే, అతనిని గోడ మీదనుండి వెనుకకు దూకించి, ఆ దృశ్యాన్ని తిరగవేసి చూపేవారు. అస్థిపంజరాన్ని ఆడించేవారు చీకటిలో నల్లని దారాలు పట్టుకొని పైన కూర్చొనేవారు. ఎగిరే మనిషిని మోసే సన్నని ఉక్కుతీగ మీద దీపపు కాంతి పడి మెరవకుండా దానికి వెనుకనున్న రంగునే పూసేవారు. సాంబ్రాణి పొగ వేసేవాడు, ఫంకా తిప్పేవాడు, కూలిపోయే కోట నమూనాను అట్టతోనూ ప్లాస్టరుతోనూ కట్టిన వడ్రంగి, కోరలు అతికించే మేకప్ కళాకారుడు – వీరందరూ ఒక్క క్షణం ఒకే తీరున పనిచేస్తేనే ప్రేక్షకుడు ఉలిక్కిపడేది.

వీరిలో ఎక్కువమంది పేర్లు ఏ పోస్టరు మీదా అచ్చు కాలేదు. తీగ కనిపిస్తే తప్పు పట్టేవారు. కనిపించకపోతే తీగ పట్టుకున్నవాడు ఉన్నాడనే ఎవరికీ తోచేది కాదు. కనిపించకుండా ఉండడమే ఆ పనికి గీటురాయి.

పొదుపులోనే పనితనం

విఠలాచార్య పొదుపు గురించి సినీలోకంలో ఎన్నో ముచ్చట్లు ప్రచారంలో ఉన్నవి. ఏ నటుడైనా పారితోషికం పెంచమని పేచీపెట్టినా, చెప్పిన దినానికి రాకపోయినా, ఆ పాత్రను శాపవశాన చిలుకగానో మేకగానో మార్చి చిత్రం పూర్తిచేసేవారని అందరూ నవ్వుతూ చెప్పుకొనేవారు. ఆ ముచ్చటలో నిజమెంతయైనా, అందులోని స్వభావం మాత్రం ఆయనదే. ఒక చిత్రానికి కట్టిన రాజభవనానికి రంగు మార్చి, స్తంభాలు జరిపి, మరొక చిత్రంలో మాంత్రికుని గుహగా వాడుకొనే నేర్పు ఆయన బృందానిది. ఆగిపోయిన చిత్రం వలన నిర్మాత ఒక్కడే గాక దినకూలి మీద బ్రతికే పనివారూ నష్టపోతారు. చెప్పిన సమయానికి పూర్తయి విడుదలయ్యే చిత్రమే వారికి అన్నం పెట్టేది. హోటలు గల్లాపెట్టె ముందు కూర్చున్ననాడు అలవడిన లెక్క ఇక్కడ ఎందరో పనివారికి అండగా నిలిచినది.

జగన్మోహిని

1970వ దశకం నడిచేకొద్దీ రంగుల సాంఘిక చిత్రాలు ప్రబలి, జానపదాలకు కాలం చెల్లినదని పలువురు భావించారు. అగ్రనటులు కత్తులు పక్కన పెట్టారు. అట్టి సమయంలో, యాభై ఎనిమిదేళ్ల వయసులో, 1978లో విఠలాచార్య జగన్మోహిని అనే దెయ్యం కథను తెరకెక్కించారు. ఇరవై ఏడేళ్ల క్రితం మైసూరులో తమ సంస్థ తీసిన కన్నడ చిత్రానికి ఉన్న పేరే దీనికీ పెట్టారు. నరసింహరాజు కథానాయకుడు, ప్రభ కథానాయిక, మోహినిగా జయమాలిని. ఆకాశాన్నంటే పారితోషికం తీసుకొనే తార ఒక్కరూ లేరు. చిత్రాన్ని మోయవలసినది దెయ్యమే. అనగా ఆ దెయ్యాన్ని తయారుచేసే పనివారే.

చిత్రం ఘనవిజయం సాధించినది. దెయ్యం కట్టెలకు బదులు తన కాళ్లనే పొయ్యిలో పెట్టి వంట చేసే దృశ్యం ఊరూరా చర్చనీయమైనది. పొయ్యి, కట్టె, వంట – ప్రతి పల్లెటింటిలోనూ దినమూ కనిపించే వస్తువులే. వాటినడుమ భయాన్ని నిలిపిన ఆ ఊహ నేల టికెట్టు ప్రేక్షకుని ఎరిగినవానికే తడుతుంది. ఆ చూపు డేరానాటిది. తమిళంలోనూ ఆ చిత్రం జనాదరణ పొందినది. 2009లో అదే పేరుతో తమిళంలో మరల నిర్మించారు.

తరువాత గంధర్వకన్య, మదనమంజరి వంటి చిత్రాలు తీశారు. 1985లో జై బేతాళతో త్రీడీ ప్రయోగానికీ వెనుకాడలేదు. 1992లో కరుణించిన కనకదుర్గ వచ్చినది. 1999 మే 28న చెన్నైలో ఆయన కన్నుమూశారు.

మాయ వెనుక మనిషి

పండితులైన విమర్శకులు ఆయన చిత్రాలకు పెద్దపీట వేయలేదు. కథలలో కొత్తదనం తక్కువనీ, తర్కానికి నిలువవనీ అన్నారు. ఆ విమర్శలో కొంత సత్యం లేకపోలేదు. ఆయన చిత్రాలు దెయ్యాలు లేవని బోధించినవి కావు; అమ్మవారి మహిమతో దెయ్యాన్ని ఓడించినవి. అయినా ఆ చిత్రాలు ఎట్లు తయారైనవో తెలుసుకున్న బాలునికి మాత్రం ఒక గొప్ప పాఠం లభిస్తుంది: దెయ్యం నడిచిన ప్రతిచోటా ఒక తీగ ఉన్నది, ఆ తీగ కొసన ఒక మనిషి ఉన్నాడు.

ఈ పాఠం సరిహద్దు పల్లెలకు మిక్కిలి అవసరం. ఇటు బాణామతి, చేతబడి అన్నా, అటు మరాఠీలో భానామతి, కరణీ అన్నా, ఆ మాటల నీడలో నిందలు మోసినవారు ఎక్కువగా ఒంటరి స్త్రీలు, వృద్ధులు, పేదలు. మూఢాచారాలపై జీవితాంతం పోరాడిన డాక్టర్ నరేంద్ర దాభోల్కర్ 2013 ఆగస్టు 20న పుణెలో హత్యకు గురయ్యారు. ఆ ఏడాదే మహారాష్ట్రలో నరబలిని, అఘోరీ కృత్యాలను, చేతబడి పేరిట జరిగే దురాచారాలను నిషేధించే చట్టం వచ్చినది. చట్టం శిక్షించగలదు గాని, బాల్యంలో నాటుకున్న భయాన్ని తొలగించవలసినది ఇల్లూ బడీ.

విఠలాచార్య చిత్రం ఇంటిల్లిపాదీ కలిసి చూస్తున్నప్పుడు పిల్లలు భయపడితే భయపడనివ్వవచ్చు; అది వినోదంలో భాగమే. చిత్రం ముగిసిన తరువాత తల ఎట్లు తేలినదో, కాలు ఎట్లు కాలినదో వారినే ఆలోచించమనాలి. నల్లగుడ్డ, నల్లదారం, ఆగిన కెమెరా అని వారు ఒక్కొక్కటి కనుగొంటున్నకొద్దీ భయం పోయి, ఆ పని చేసినవారి మీద గౌరవం మొలకెత్తుతుంది. మూడవ తరగతితో బడి విడిచిన ఆ మనిషీ, ఆయన వెంట పనిచేసిన పేరులేని పనివారూ మన పిల్లలకు మిగిల్చిన ఆస్తి అదే.