ఆర్థర్ కాటన్

సర్ ఆర్థర్ థామస్ కాటన్ (1803 మే 15 - 1899 జూలై 24) బ్రిటిషు సైనికాధికారి, నీటిపారుదల ఇంజనీరు. గోదావరిపై ధవళేశ్వరం ఆనకట్టను నిర్మించి డెల్టాను సస్యశ్యామలం చేసిన వ్యక్తిగా ప్రసిద్ధుడు. ఆంధ్రులు ఆయనను "కాటన్ దొర" అని పిలుచుకుంటారు.

తొలి జీవితం

కాటన్ ఇంగ్లండులో జన్మించాడు. ఆడిస్కోంబ్ సైనిక విద్యాలయంలో చదివి, 1821లో మద్రాసు చేరాడు. తంజావూరు ప్రాంతంలో పనిచేస్తూ చోళుల కాలపు కల్లణైను పరిశీలించాడు. గట్టి రాతి పునాది లేకున్నా, ఇసుక మీదనే కట్టడం నిలుస్తుందని దాని ద్వారా గ్రహించాడు. 1836లో కొల్లిడం నదిపై ఆనకట్టలు నిర్మించాడు.

ధవళేశ్వరం ఆనకట్ట

1847లో ప్రారంభమైన ఈ నిర్మాణం 1852లో పూర్తయింది. నదిలోని లంకల వలన ఇది ధవళేశ్వరం, ర్యాలి, మద్దూరు, విజ్జేశ్వరం అను నాలుగు భాగాలుగా ఉండేది. నదీగర్భమంతా లోతైన ఇసుక. అందువలన బావుల పునాదిపై గోడలు కట్టి, వాటి నడుమ ఇసుక నింపి, పైన రాతికట్టు వేశారు. దిగువ వైపు కోత పడకుండా పెద్ద బండరాళ్ళను వదులుగా పేర్చారు. వరదలకు రాళ్ళు కుంగినచోట మరలా రాళ్ళు వేసేవారు. సమీపంలోని ధవళేశ్వరం కొండ నుండి రాతిని పట్టాల మార్గంపై తరలించారు. రాయి చేరువలో దొరకడం వలన ఖర్చు తగ్గింది. ఈ పనులలో వీణెం వీరన్న కాటన్‌కు తోడ్పడ్డాడు.

కృష్ణా ఆనకట్ట, గుంటూరు సీమ

1832-33 నాటి డొక్కల కరువులో గుంటూరు జిల్లాలోని సుమారు 5 లక్షల జనాభాలో దాదాపు 2 లక్షల మంది మరణించారు. గోదావరి పనులలో కాటన్ వద్ద పనిచేసిన కెప్టెన్ ఛార్లెస్ ఓర్, 1852-55 మధ్య బెజవాడ వద్ద కృష్ణా ఆనకట్టను నిర్మించాడు. అక్కడ కూడా నదికి ఇరువైపులా ఉన్న కొండలే రాతిని అందించాయి. పశ్చిమ డెల్టాకు చెందిన కొమ్మమూరు కాలువ బాపట్ల, చీరాల ప్రాంతాల మీదుగా సాగి, వేటపాలేనికి దక్షిణాన పెదగంజాం వద్ద బకింగ్‌హాం కాలువను కలుస్తుంది. ఒకనాడు ఇది సరుకుల పడవలకు కూడా మార్గం.

వివాదాలు

రైలు మార్గాల కంటె కాలువలే దేశానికి మేలని కాటన్ వాదించాడు. ఈ అభిప్రాయాల విషయమై 1878లో బ్రిటిషు పార్లమెంటు సంఘం ఎదుట కఠినమైన ప్రశ్నలను ఎదుర్కొన్నాడు.

గుర్తింపు

1861లో ఆయనకు సర్ బిరుదు లభించింది. 1952లో కృష్ణా ఆనకట్టకు గండి పడగా, 1957లో ప్రకాశం బ్యారేజి వచ్చింది. ధవళేశ్వరం వద్ద పాత ఆనకట్ట స్థానే నిర్మించిన బ్యారేజికి కాటన్ పేరు పెట్టారు. ధవళేశ్వరంలో ఆయన పేర మ్యూజియం ఉంది. గోదావరి జిల్లాలలోని అనేక గ్రామాలలో రైతులు ఆయన విగ్రహాలు నెలకొల్పారు.