తీరాన్ని కొలిచిన మైకేల్ టాపింగ్

మన కర్నూలు, కడప సీమలకు సముద్రం దూరం. అయినా ఒక సముద్రతీర పటకర్త జీవితాన్ని ఈ సంచికలో వ్రాయడానికి మాకొక కారణం ఉంది.

గోల్కొండ సుల్తానుల కాలంలో హజ్ యాత్రికులు మచిలీపట్నం రేవులో ఓడ ఎక్కేవారు. మన తూర్పు తీరంలో ఓడలకు మంచి ఆశ్రయం తక్కువ, ఇసుక దిబ్బలు ఎక్కువ. సరైన పటం లేకపోతే ఎంత అనుభవమున్న నావికుడికైనా గండమే.

ఆ పటాలకోసం పాటుపడినవారిలో మైకేల్ టాపింగ్ ముఖ్యులు. 1747లో పుట్టి, 1785లో మద్రాసు చేరి, ఈస్టిండియా కంపెనీ కొలువులో తీరం వెంబడి తిరిగారు. మచిలీపట్నం, కోరంగి ప్రాంతాలను సర్వే చేశారు. పగలు సూర్యుణ్ణి, రాత్రి నక్షత్రాలను చూసి ఒక చోటు ఎక్కడున్నదీ లెక్కకట్టడం, తాడుకు సీసపు గుండు కట్టి నీటి లోతు చూడడం, ఇదీ ఆనాటి పని. ఒక్క అంకె తప్పితే ఓడ మునిగినట్లే! ఆ లెక్కలకు ఆధారంగా 1792లో మద్రాసులో నక్షత్రశాల ఆయన ఆధ్వర్యంలోనే లేచింది.

అయితే మాకు అంతకంటే గొప్పగా తోచేది 1794లో మద్రాసులో మొదలైన సర్వే బడి. ఆ ఆలోచన టాపింగ్‌దే. అందులో మొదట చేరింది అనాథాశ్రమం నుండి వచ్చిన ఎనిమిదిమంది పిల్లలు. కంపెనీ ధర్మానికి చేసిందేమీ కాదు, దానికి తక్కువ జీతపు పనివాళ్ళు కావాలి. అయినా దిక్కులేని ఆ పిల్లల చేతికి ఒక విద్య అందింది.

1796 జనవరిలో టాపింగ్ మచిలీపట్నంలో జ్వరంతో కన్నుమూశారు. బడి మాత్రం నిలిచింది. నిజాము 1800లో కంపెనీకి వదిలేసిన మన దత్తమండలాలను 1809 నుండి కర్నల్ మెకంజీ సర్వే చేయించినప్పుడు, ఎండలో గొలుసు లాగి మన ఊళ్ళను, చెరువులను పటంలోకి ఎక్కించినవారిలో ఆ బడిలో నేర్చినవారున్నారు. సముద్రతీరంలో పుట్టిన విద్య ఇలా మన గడపదాకా వచ్చింది.

మేము చెప్పదలచిందీ ఇదే. యతీం పిల్లలకు అన్నం, బట్ట ఇవ్వడం మన బాధ్యత. ఒక పని నేర్పి వదిలితే వాళ్ళు మరొకరికి చేయి అందించగలరు. మన బస్తీలో అటువంటి పిల్లవాడు కనబడితే పేరు వ్రాసి సంఘానికి తెలపండి. అల్లాహ్ మనందరికీ ఆ భాగ్యం ప్రసాదించుగాక!