బాలకృష్ణ వరహా – శ్రీకృష్ణదేవరాయలవారు

బొటనవ్రేలి గోరంత బంగారు నాణెము. తూకము మూడున్నర గ్రాములకు లోపే. ఒకవైపు చేత వెన్నముద్దతో కూర్చున్న బాలకృష్ణుడు, ఇరుప్రక్కల శంఖచక్రములు. రెండవవైపు నాగరిలిపిలో శ్రీప్రతాపకృష్ణరాయ నామము. విజయనగర చక్రవర్తి శ్రీకృష్ణదేవరాయలవారు ముద్రింపించిన ఈ వరహాను నేడు నాణెముల సేకరణకర్తలు అపురూపముగా దాచుకొందురు. దీని వెనుక ఒక యుద్ధము, ఒక ప్రతిష్ఠ ఉన్నవి.

రాయలవారు 1509లో సింహాసనమునకు వచ్చునాటికి ఉదయగిరి, కొండవీడు దుర్గములు గజపతుల ఏలుబడిలో నుండెను. తూర్పుతీరము చేజిక్కనిదే రాజ్యమునకు నిలకడ లేదని యెరిగి, వారు 1513లో ఉదయగిరిని ముట్టడించిరి. నెల్లూరు సీమలోని ఆ గిరిదుర్గము సులభముగా లొంగునది కాదు. ఏడాదికి పైగా పోరు సాగి, 1514లో కోట వశమయ్యెను. తిరుగు ప్రయాణమున రాయలవారు తిరుమలకు ఏగి, ఆ జూలై మాసమున శ్రీవారికి 30,000 వరహాలతో కనకాభిషేకము గావించిరి. ఉభయదేవేరులతో అంజలి ఘటించి నిలచిన వారి ప్రతిమను శ్రీవారి ఆలయమునకు ఏగిన భక్తులెల్లరు చూచియే యుందురు. ఆ అభిషేకమునాటికి బాలకృష్ణ వరహా వెలువడినట్లు తోచదు. ప్రతిష్ఠ మరుసటి యేటిది.

ఉదయగిరి నుండి రాయలవారు తెచ్చుకొన్న వానిలో మిన్న బాలకృష్ణ విగ్రహము. హంపిలో నూతనాలయము నిర్మించి, 1515లో ఆ మూర్తిని ప్రతిష్ఠించి, నిత్యపూజలకు గ్రామములు సమర్పించిరి. ఆ శాసనము అచ్చటనే కలదు. ఓడిన రాజు దైవమును కొనివచ్చుట ఆనాటి రాజనీతిలో విజయచిహ్నమే; దాచనక్కరలేదు. అయితే కొనివచ్చిన స్వామికి గుడి కట్టి, కైంకర్యము ఏర్పరచి, తమ నాణెముపై సైతము నిలుపుకొనుటలో రాయలవారి భక్తి కానవచ్చును. ఈ ప్రతిష్ఠకు గుర్తుగనే ఆ వరహా వెలసినదని పరిశోధకులు తలంతురు.

అదే యేట కొండవీడు లొంగెను. తుదకు సంధి కుదిరి, రాయలవారు గజపతి కుమార్తెను పరిణయమాడి, కృష్ణానదికి ఉత్తరపు భూములను తిరిగి యిచ్చివేసిరి. ఆముక్తమాల్యద రచించిన ఆ సాహితీ సమరాంగణ సార్వభౌములు 1529లో దివంగతులైరి.

1565లో తళ్ళికోట యుద్ధానంతరము హంపి పాడుపడెను. కృష్ణాలయ గర్భగుడి నేడు శూన్యము. భగ్నమైన మూలమూర్తి చెన్నైలోని ప్రభుత్వ ప్రదర్శనశాలకు చేరినది. వరహామీది బాలకృష్ణుని చేతిలో వెన్నముద్ద మాత్రము చెక్కుచెదరలేదు.