గాస్పార్ మోంజ్: పుట్టుక అడ్డుపడిన లెక్కల మాస్టారు

సరళరేఖల పాఠం చదివిన వాళ్ళందరికీ ఒక సూత్రం నోటికి వస్తుంది. ఒకదానికొకటి లంబంగా ఉన్న రెండు రేఖల వాలులను గుణిస్తే మైనస్ ఒకటి వస్తుంది. ఇచ్చిన బిందువు గుండా పోయే రేఖకు సమీకరణం రాయాలంటే బిందువు-వాలు రూపం వాడతాం. పాఠంలో డెకార్ట్ పేరు వినిపిస్తుంది. కానీ ఈ రూపాన్ని మొదట స్పష్టంగా అచ్చులో పెట్టాడని చరిత్రకారులు చెప్పే గాస్పార్ మోంజ్ పేరు వినిపించదు. మన హాస్టల్ పత్రికలో ఆయన గురించి రాయాలని మేము అనుకోవడానికి ఇంకో కారణం కూడా ఉంది. అది చదువుతుంటే మీకే తెలుస్తుంది.

మోంజ్ 1746 మేలో ఫ్రాన్స్ దేశంలోని బోన్ అనే ఊరిలో పుట్టాడు. తండ్రి ఊరూరా తిరిగి సరుకులమ్ముకునే చిరువ్యాపారి. అయినా ముగ్గురు కొడుకులనూ చదివించాడు. మోంజ్ ఎంత చురుకైనవాడంటే, పైచదువుకు లియాన్ వెళ్ళిన పిల్లవాడికి చిన్న వయసులోనే అక్కడ ఫిజిక్స్ పాఠం చెప్పే పని అప్పగించారు. 1764లో సొంత ఊరికి వచ్చి, కొలిచే పనిముట్లు తానే తయారుచేసుకుని, ఊరంతటికీ పెద్ద పటం గీశాడు. దాన్ని చూసిన ఒక సైనిక అధికారి మెజియేర్‌లోని మిలిటరీ ఇంజనీరింగ్ బడికి సిఫారసు చేశాడు.

అసలు కథ ఇక్కడే మొదలవుతుంది. ఆ బడిలో ఆఫీసరు చదువుకు సీటు కావాలంటే తెలివి చాలదు, పుట్టుక కావాలి. గొప్పింటి బిడ్డ కాడు కాబట్టి మోంజ్‌ను పక్కనున్న పనివాళ్ళ విభాగంలో వేశారు. పటాలు గీయడం, గారతో నమూనాలు పోతపోయడం ఆయన పని. పక్క గదిలో చెప్పే చదువు ఆయనకు అందదు. ఈ అవమానం ఎలా ఉంటుందో మన హాస్టల్ పిల్లలకు ఒకరు చెప్పనక్కరలేదు.

ఒకసారి ఒక కోటకు లెక్క వేయమన్నారు. శత్రువు ఎక్కడి నుంచి కాల్చినా లోపలివాళ్ళకు తగలకుండా గోడలు ఎక్కడ, ఎంత ఎత్తు ఉండాలి? రోజుల తరబడి కూడికలు, గుణకారాలు చేసే పని అది. మోంజ్ అంకెలు వదిలేసి గీతలతో త్వరగా తేల్చాడు. ఇంత తొందరగా ఎలా అవుతుందని అధికారి ఆ కాగితం చూడటానికే ఒప్పుకోలేదు. పట్టుబట్టి చూపిస్తే లెక్క సరిగ్గానే ఉంది. ఆ పద్ధతిని సైనిక రహస్యంగా దాచిపెట్టారు. ఆయనను మాత్రం పాఠం చెప్పే పనిలోకి తీసుకున్నారు. 1769లో అదే బడిలో లెక్కల ప్రొఫెసర్ అయ్యాడు. సీటు ఇవ్వనన్న బడిలోనే గొప్పింటి పిల్లలకు గురువయ్యాడన్నమాట!

ఆ పద్ధతి ఏమిటో డిప్లొమా చదివే అన్నలను అడగండి. వస్తువు మీది ప్రతి బిందువు నుంచి రెండు తలాల మీదికి లంబాలు దించితే ప్లాన్, ఎలివేషన్ వస్తాయి. డ్రాయింగ్ షీటు మీద వాళ్ళు చేసేది అదే.

మోంజ్ 1781లో రాసి, 1784లో అచ్చయిన వ్యాసం మట్టిపని గురించి. తవ్విన చోటి నుంచి పోసే చోటికి మట్టిని తక్కువ శ్రమతో ఎలా చేర్చాలి? తట్ట మోసిన మన అమ్మానాన్నలకు ఈ ప్రశ్న కొత్తది కాదు. ఆ దారులు సరళరేఖలనీ, ఒక ఉపరితలానికి లంబంగా ఉంటాయనీ ఆయన కనిపెట్టాడు. బిందువు-వాలు రూపం ఉన్నది ఈ వ్యాసంలోనే.

మనమూ ఒక లెక్క చేద్దాం. 2ఎక్స్ + 3వై = 6 అనే రేఖకు లంబంగా, (1, 4) బిందువు గుండా పోయే రేఖ కావాలి. మొదటి రేఖ వాలు మైనస్ 2/3. అంటే కుడికి 3 అడుగులు పోతే కిందికి 2 దిగుతుంది. ఆ మెట్టును పావు చుట్టు తిప్పండి. కుడికి 2, పైకి 3 అవుతుంది. కొత్త వాలు 3/2. కాబట్టి వై - 4 = 3/2 (ఎక్స్ - 1). సవరిస్తే 3ఎక్స్ - 2వై + 5 = 0. మెట్టు తిప్పడం అర్థమైతే సూత్రం మరిచిపోయినా భయం లేదు.

విప్లవం వచ్చాక మోంజ్ 1792లో నౌకాదళ మంత్రి అయ్యాడు. 1794లో, తర్వాత ఎకోల్ పాలిటెక్నిక్ అని పేరొందిన విద్యాసంస్థను స్థాపించినవారిలో ఆయన ముఖ్యుడు. అక్కడ సీటుకు పుట్టుక కాదు, పోటీ పరీక్ష. మొదట్లో విద్యార్థులకు భత్యం కూడా ఇచ్చేవారు. దాచిపెట్టిన తన పద్ధతిని 1795లో అందరి ముందూ పాఠంగా చెప్పాడు. 1798లో నెపోలియన్ వెంట ఈజిప్టు వెళ్ళాడు. పుట్టుక వల్ల అంత దెబ్బతిన్న మనిషి 1808లో నెపోలియన్ ఇచ్చిన కౌంట్ బిరుదు పుచ్చుకోవడం మాత్రం మాకు నచ్చలేదు.

నెపోలియన్ పడిపోయి రాజులు తిరిగి వచ్చాక, 1816లో ఆయనను విద్వత్సభ నుంచి తొలగించారు. 1818 జూలై 28న పారిస్‌లో కన్నుమూశాడు. అంత్యక్రియలకు పోవడానికి పాలిటెక్నిక్ విద్యార్థులకు ప్రభుత్వం అనుమతి ఇవ్వలేదు. సెలవు దొరకగానే వాళ్ళు సమాధి దగ్గరకు వెళ్ళి పూలదండ ఉంచి వచ్చారు. 1989లో ఆయన అస్థికలను ఫ్రాన్స్ మహనీయులుండే పాంథియాన్‌కు తరలించారు.