మూసీకి కళ్లెము వేసిన విశ్వేశ్వరయ్యగారు

పాలమూరు, నల్లగొండ సీమల రైతు ఆకాశమువంక చూచుట సాధారణముగా వానకొరకే గాని వానకు వెఱచి కాదు. గుట్టలును, బండలును, ఎఱ్ఱని చెలకనేలలును గల ఆ మెట్టప్రాంతమునకు సముద్రము బహుదూరము. తుపాను అనునది బందరు, కాకినాడల ప్రజల కష్టముగానే అక్కడివారు వినుచుందురు. కాని బంగాళాఖాతమున పుట్టిన వాయుగుండము తీరము దాటినంతనే సమసిపోవునని నియమము లేదు. ఒక్కొక్కప్పుడది పడమటికి నడచివచ్చి, ఏడాది వానలో సగమునకు మించినదానిని రెండు దినములలో కుమ్మరించి పోవును. 1908వ సంవత్సరము సెప్టెంబరు నెలలో జరిగినది అదియే. ఆ విపత్తు ఒక్కసారి వచ్చి పోయినది కాదనియు, మరల వచ్చుననియు తలచి, అది వచ్చులోపల చేయదగిన పనిని లెక్కగట్టి చూపినవారు మోక్షగుండం విశ్వేశ్వరయ్యగారు.

మూసీనది వికారాబాదు సమీపమున అనంతగిరి కొండలలో పుట్టి తూర్పుగా ప్రవహించును. ఈసానది హైదరాబాదు చేరకముందే దానిలో కలియును. ఈసాకు నీరు తెచ్చు వాగులలో కొన్ని పాత మహబూబునగరము జిల్లా ఉత్తరపుటంచున కొత్తూరు వైపునుండి వచ్చును. నగరము దాటిన పిమ్మట మూసీ భువనగిరి, నల్లగొండ, సూర్యాపేట ప్రాంతములమీదుగా సాగి వాడపల్లి వద్ద కృష్ణలో కలియును. నడుమనున్న నగరమునకు కలిగిన నష్టమే చరిత్రలో ప్రసిద్ధమైనను, ఆ వరద కథ మొదలైనది పైనున్న పల్లెల చెరువులలో. ముగిసినది క్రిందనున్న పల్లెల పొలములలో.

1908 సెప్టెంబరు 28వ తేదీ సోమవారము. అంతకు ముందునుండియే వాన విడువక కురియుచుండెను. శంషాబాదులో 24 గంటలలో 12.8 అంగుళములును, 48 గంటలలో దాదాపు 19 అంగుళములును వర్షము నమోదయ్యెను. తెల్లవారునప్పటికి మూసీ గట్లు మీఱి వీధులలో ప్రవేశించెను. అఫ్జలుగంజి, చాదరుఘాటు ప్రాంతములు మునిగెను, వంతెనలు కొట్టుకొనిపోయెను. చనిపోయినవారు పది పదిహేను వేలమంది యని అంచనా వేసిరి. కూలిన ఇండ్లు 19 వేలు. నిలువనీడ లేక నిలిచినవారు 80 వేలమంది. ఆసుపత్రి తోటలోని ఒక చింతచెట్టు కొమ్మలు పట్టుకొని నూట యేబదిమంది బ్రదికిరని నేటికిని చెప్పుకొందురు. ఆ చెట్టు ఉస్మానియా ఆసుపత్రి ఆవరణమున ఇప్పటికిని ఉన్నది.

అప్పటి ప్రభువు ఆరవ నిజాము మీర్ మహబూబ్ అలీఖాన్. పాలమూరునకు మహబూబునగరమను పేరు 1890లో ఆయన పేరిటనే వచ్చినది. నిరాశ్రయులకొరకు ఆయన తన మహలుల తలుపులు తెఱపించెను, అన్నదానము జరిపించెను. అయితే అన్నము నేటి ఆకలిని తీర్చును గాని రేపటి వరదను ఆపలేదు. అందులకు నిపుణుడు కావలయునని నిజాము ప్రభుత్వము వెదకినపుడు దాని దృష్టి విశ్వేశ్వరయ్యగారిపై పడెను.

విశ్వేశ్వరయ్యగారు మైసూరు సంస్థానమున చిక్కబళ్లాపురము దగ్గర ముద్దేనహళ్లిలో పుట్టిరి. వారి పూర్వులు గిద్దలూరు ప్రాంతపు మోక్షగుండమునుండి వలసపోయిన తెలుగువారు. ఇంటిపేరే అందులకు సాక్ష్యము. తండ్రి శ్రీనివాసశాస్త్రిగారు సంస్కృత పండితుడు; తల్లి వెంకటలక్ష్మమ్మగారు. బాల్యముననే తండ్రిని కోల్పోయిన ఆ బాలుడు బెంగళూరులో పిల్లలకు పాఠములు చెప్పుకొనుచు తాను చదువుకొని 1881లో పట్టభద్రుడయ్యెను. పూనా సైన్సు కళాశాలలో ఇంజనీరింగు పూర్తిచేసి, 1884లో బొంబాయి ప్రభుత్వపు కొలువున చేరెను. సింధులోని సుక్కూరునకు త్రాగునీరు, ఏడెను రేవునకు నీటి పథకము మొదలగు పనులన్నియు ఆ కొలువులోనివే.

వానిలో ఒక్కటి ఇచ్చట చెప్పదగినది. పూనా దగ్గరి ఖడక్‌వాస్లా జలాశయమున ఏటా వరదనీరు మత్తడిమీదుగా వ్యర్థముగా పోవుచుండెను. ఆనకట్టను ఎత్తుచేయుటకు గోడ బలము చాలదు. విశ్వేశ్వరయ్యగారు మత్తడిపై స్వయంచాలకములైన తలుపులను అమర్చిరి. నీరు నిర్ణీతమైన ఎత్తునకు వచ్చువఱకు ఆ తలుపులు మూసికొని నిల్వను కాపాడును. ఆ ఎత్తు మించినచో ఎవరి చేయియు తగులకుండ తామే తెఱచుకొని అధికజలమును విడిచిపుచ్చును. మరల నీరు తగ్గగనే మూసికొనును. కఱవునకు నీరు దాచుటయు, వరదకు దారి విడుచుటయు ఒకే కట్టడమున ఇముడ్చుట వారి విద్యలోని ప్రత్యేకత. తరువాత మూసీమీద వారికి ఎదురైన సమస్యయు అదియే, కాని అది పెక్కు రెట్లు పెద్దది.

1908లో వారు బొంబాయి కొలువునుండి గడువునకు ముందే విరమించుకొని విదేశయాత్రకు పోయిరి. యూరపులో ఉండగా నిజాము ప్రభుత్వపు ఆహ్వానము అందెను. యాత్ర ముగించుకొని 1909 ఏప్రిలు నెలలో హైదరాబాదు చేరిరి.

వరదను చూచినవారందఱు దాని భయమును వర్ణింపగలిగిరి. దాని పరిమాణమును చెప్పగలవారు లేరు. విశ్వేశ్వరయ్యగారి పని అక్కడనే మొదలయ్యెను. రాజ్యములో వర్షమాపకములు కొద్ది. వాని లెక్కలు చాలక పొరుగు రాష్ట్రముల వర్షపాతపు పట్టికలు తెప్పించిరి. గోడలమీది నీటిమరకలు, నదీగర్భపు వాలు, వెడల్పు కొలిపించి, వరద ఉచ్చస్థితిలో మూసీ సెకనునకు 4,25,000 ఘనపుటడుగుల నీటిని మోసెనని తేల్చిరి. నగరమునకు ఎగువనున్న పరీవాహక ప్రాంతము 862 చదరపు మైళ్లు. అందులో 788 చెరువులున్నవని లెక్క తేలెను. అనగా ఇంచుమించు మైలునకు ఒక చెరువు. ఆ 788లో 221 చెరువులు ఆ రెండు దినములలో తెగిపోయెను.

ఈ ఒక్క సంఖ్యను గూర్చి నిదానించి ఆలోచింపవలసియున్నది. తెలంగాణపు గొలుసుకట్టు చెరువుల పద్ధతి తెలిసినవారికి దాని అర్థము వెంటనే తోచును. మీది చెరువు మత్తడి దుమికిన నీరు క్రింది చెరువునకు చేరును. అది నిండి మఱియొకదానికి పోవును. కట్టలు గట్టిగానుండి మత్తడులు తగినంత వెడల్పుగానున్నంతకాలము ఆ గొలుసు వాననీటిని అంచెలంచెలుగా ఆపుచు వరద వేగమును తగ్గించును. కాని పైకట్ట ఒకటి తెగినచో నెలల తరబడి నిలిచిన నీరు ఒక్కగడియలో క్రిందికి ఉఱుకును. ఆ తాకిడికి రెండవ కట్ట, ఆ రెంటి బరువునకు మూడవది తెగును. కాపాడవలసిన చెరువే అపుడు కయ్యమునకు వచ్చును. 1908 నాటి వరదలో వాన చేసిన దానికి తెగిన చెరువులు చేసినది తోడయ్యెను. కనుక మెట్టసీమలో తుపానునకు సిద్ధపడుట యన్నది పల్లెటూరి చెరువుకట్టమీద, వానకాలము రాకముందే మొదలు కావలసిన పని.

విశ్వేశ్వరయ్యగారి సూచన సూటియైనది. నగరమున మూసీ గట్లను ఎంత ఎత్తు లేపినను అంతటి ప్రవాహము అందులో ఇమడదు. వరదను నగరమునకు రాకముందే ఆపవలెను. మూసీమీద ఎనిమిదిన్నర మైళ్ల ఎగువన గండిపేట వద్ద ఒకటి, ఈసామీద ఆరున్నర మైళ్ల ఎగువన మఱియొకటి, రెండు జలాశయములు కట్టవలెను. కొంత మట్టమువఱకు నీరు నిలిపి నగరమునకు త్రాగునీటికి వాడుకొనవచ్చును. ఆపైనున్న అవకాశమును మాత్రము వరదకొరకు ఖాళీగా ఉంచవలెను. వరద వచ్చినపుడు దానిని అందు పట్టి, తరువాత నది భరింపగలిగినంత మెల్లగా విడువవలెను. నదికి ఇరువైపుల గట్లు కట్టి తోటలు వేయుట, మురుగునీటి కాలువలు త్రవ్వుట ఆ పథకములోని తక్కిన భాగములు.

చెప్పుటకు ఇది సులభము, పాటించుటకు కష్టము. నీటి చుక్కకు ముఖము వాచియున్న సీమలో, వచ్చిన నీటిని పట్టుకొనుటకు చోటుండియు, దానిని ఖాళీగా ఉంచుమనుట ఎవరికి రుచించును? వరద ఏబది యేండ్లకు ఒకసారి రావచ్చును. కఱవు మూడేండ్లకొకసారి వచ్చును. కడుపు కఱవును మఱువనీయదు; మనస్సు వరదను మఱచిపోవును. విశ్వేశ్వరయ్యగారి పథకమునకు రాయి, సున్నము ఎంత అవసరమో ఈ నిగ్రహము అంతకంటె ఎక్కువ అవసరము. ఖాళీగా కనబడు ఆ చోటు వ్యర్థము కాదనియు, అది రానున్న వరదకు వేసిన పీట యనియు ప్రతితరమునకు మరల మరల చెప్పవలసియుండును.

1909 అక్టోబరు నాటికి వారి నివేదిక సిద్ధమయ్యెను. నవంబరులో మైసూరు సంస్థానపు చీఫు ఇంజనీరు పదవి స్వీకరించి వెళ్లిపోయిరి. హైదరాబాదులో వారు ఆ పర్యాయము గడపినది ఏడు నెలలు మాత్రమే. వారిని రప్పించిన నిజాము 1911లో మరణించెను. కట్టడము ఏడవ నిజాము మీర్ ఉస్మాన్ అలీఖాన్ కాలమున సాగెను. నగరాభివృద్ధి సంఘము 1912లో ఏర్పడెను. గండిపేట జలాశయము ఉస్మాన్‌సాగర్ అను పేరున 1920లో పూర్తియయ్యెను; ఈసాపై హిమాయత్‌సాగర్ 1927లో ముగిసెను. అలీ నవాజ్ జంగ్ మొదలైన హైదరాబాదు ఇంజనీర్ల శ్రమయు, పేరులేని వడ్డెరల, కూలీల చెమటయు అందులో ఉన్నవి. వానిని ఎవరు కట్టిరన్న ప్రశ్నకు ఒక్క పేరు జవాబు కాదు. కాని ఎందులకు కట్టవలెను, ఎంత కట్టవలెను అన్నవానికి జవాబు చెప్పినవారు విశ్వేశ్వరయ్యగారు.

మైసూరులో వారు 1912 నుండి 1918 వఱకు దివానుగా నుండి, కృష్ణరాజసాగరము, భద్రావతి ఉక్కు, విశ్వవిద్యాలయము మొదలైన కార్యములకు పునాదులు వేసిరి. 1955లో భారతరత్న బిరుదమందిరి. నూరేండ్ల నిండు జీవితమును గడపి 1962 ఏప్రిలు నెలలో బెంగళూరులో కన్నుమూసిరి. ఈ విషయములు లోకవిదితములు.

వారి పాఠము కాలముచే మరల మరల పరీక్షింపబడుచున్నది. నల్లగొండ సీమలో సోలిపేట వద్ద మూసీ ప్రాజెక్టు 1963లో పూర్తియై, నగరము దాటి వచ్చిన నీటిని పొలములకు మళ్లించుచున్నది. ఎగువన ఏ తలుపు ఏ గడియను ఎత్తుదురో క్రిందివారికి ముందుగా తెలియుట ఆ గ్రామములకు ప్రాణావసరము. 2009 అక్టోబరు తొలి దినములలో కృష్ణా, తుంగభద్రలు పొంగి మహబూబునగరము జిల్లాలోని అలంపురమును, ఆవలి ఒడ్డున కర్నూలును ముంచివేసెను. 19 లక్షల క్యూసెక్కుల వరదకు నిర్మించిన శ్రీశైలము జలాశయమునకు 25 లక్షలకు మించిన ప్రవాహము వచ్చెను. అప్పటికి అది ఇంచుమించు నిండియుండెను. ఖాళీ యెంత విలువగలదో ఆ రాత్రులు తెలియజేసెను. 2020 అక్టోబరు 13న కాకినాడ దగ్గర తీరము దాటిన వాయుగుండము 1908 నాటి త్రోవనే పట్టి హైదరాబాదుమీదికి వచ్చెను. జంట జలాశయములు నిలిచినవి. నగరపుటంచులలోని చెరువుకట్టలు మాత్రము తెగి ప్రాణములు తీసెను. నూట పండ్రెండేండ్ల క్రిందట లెక్కించిన 221 తెగిన చెరువుల హెచ్చరిక అక్షరాల నిజమయ్యెను.

జలాశయముల పరీవాహక ప్రాంతమున 84 గ్రామములలో కట్టడములను నియంత్రించుచు 1996లో 111వ సంఖ్యగల ప్రభుత్వోత్తరువు వెలువడెను. 2022లో ఆ నిబంధనలను తొలగించుచు మఱియొక ఉత్తరువు వచ్చెను. ఆ భూమిని గూర్చిన వివాదము ఎటు తేలినను, వాననీటికి మాత్రము పాతదారియే గుర్తుండును. వాగు పూడ్చి ఇల్లు కట్టినవాడు మఱచినంతమాత్రమున వాగు మఱచిపోదు.

విశ్వేశ్వరయ్యగారి జన్మదినమైన సెప్టెంబరు 15ను దేశము ఇంజనీర్ల దినముగా జరుపుకొనుచున్నది. ఆ దినమున విగ్రహములకు పూలమాలలు వేయుదురు. సరిగా పదమూడు దినములకు మూసీ వరద నాటి తిథి వచ్చును. అప్పటికి చెరువులన్నియు నిండి, ఋతువులోని పెద్దవానలు ఇంకను మిగిలియే యుండును. మాల వేసిన చేతితోనే ఆ సాయంకాలము ఊరిచెరువు కట్టమీదికి నడచి, ఎలుకబొరియలు ఉన్నవేమో, మత్తడికి అడ్డముగా ముండ్లచెట్లు పెరిగినవేమో, తూము తలుపు కదలుచున్నదో లేదో చూచి వచ్చినచో, ఆ మహనీయునకు అంతకు మించిన పూజ ఉండదు.