ఆగిన చదువుకు మళ్లీ దారి చూపిన దుర్గాబాయి

తార్నాక పక్కనే, ఉస్మానియా క్యాంపస్‌లో ఉన్న ఆంధ్ర మహిళా సభ కాలేజీ దుర్గాబాయి దేశ్‌ముఖ్ పెట్టిన సభదే. ఆమె 1909లో రాజమండ్రిలో పుట్టారు. ఎనిమిదేళ్లకే పెళ్లి చేశారు, పెద్దయ్యాక ఆమె ఆ బంధాన్ని వద్దనుకున్నారు.

1921లో గాంధీజీ కాకినాడ వస్తున్నారని తెలిసి, దేవదాసీలతో, బుర్ఖా వేసుకునే ముస్లిం ఆడవాళ్లతో ఆయన విడిగా మాట్లాడాలని పన్నెండేళ్ల ఆ పిల్ల పట్టుబట్టింది. ఐదు వేలు తెస్తేనే అన్నారు పెద్దలు. తెచ్చింది!

జైలు నుంచి వచ్చాకే మెట్రిక్, ఎమ్మే, లా. 1937లో మద్రాసులో సభ మొదలైంది. 1953లో కేంద్ర సాంఘిక సంక్షేమ బోర్డుకు తొలి అధ్యక్షురాలయ్యారు. పల్లెలకు నర్సులు, టీచర్లు, గ్రామసేవికలు కావాలి, చదువుకున్న ఆడవాళ్లేమో దొరకరు. అందుకే 1958లో, మధ్యలో బడి మానేసిన పెద్దవాళ్లను తక్కువ కాలంలో పరీక్షకు తయారుచేసే కోర్సులు బోర్డు పెట్టింది. వాటిలో పాసైనవాళ్లు ఆ శిక్షణలకు వెళ్లేవారు.